మెట్లమ్మ దిద్దిన పుస్తకం

పుస్తకాన్ని కుట్టడం కంటే విప్పడం కష్టం. కుట్టేటప్పుడు దారం మన మాట వింటుంది. విప్పేటప్పుడు ఎవరి మాటా వినదు. పాత జిగురు తడిసి మెత్తబడేదాకా ఓపిక పట్టాలి. తొందరపడితే జిగురుతో పాటు కాగితమూ ఊడొస్తుంది. అందుకే బైండింగ్ షాపుకి పాత పుస్తకం ఏదొచ్చినా మేస్త్రీ దాన్ని తిన్నగా కోడలి బల్ల మీద పెట్టేవాడు.

షాపులో ఆమెను అందరూ కోడలనే పిలుస్తారు. ఆమె అత్త అక్కడే నలభై ఏళ్లు పనిచేసి, మోకాళ్లు మొరాయించాక తన ముక్కాలి పీటనీ, సూదుల డబ్బానీ కోడలికిచ్చి ఇంటిపట్టున ఉండిపోయింది. అత్తను మెట్లమ్మ అనేవారు. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది. దాన్ని ఫారం అంటారు. ప్రతి ఫారం వెన్ను మడత మీదా ఒక చిన్న నల్ల గీత అచ్చువేస్తారు. మొదటి ఫారానికి పైన ఉంటుంది, రెండోదానికి అంతకంటే కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. ఫారాలన్నీ వరసగా పేరిస్తే వెన్ను మీద ఆ గీతలు మెట్లలా దిగుతాయి. ఎక్కడన్నా మెట్టు తప్పితే ఫారం తప్పినట్టు. అత్తకు అక్షరం ముక్క రాదు. కానీ షాపుకు ఆ కొస నుంచే చూసి, "ఆ మూడో కట్టలో మెట్టు విరిగింది, చూడండర్రా" అనేది. వెళ్లి చూస్తే విరిగే ఉండేది.

సోమవారం పొద్దున నర్సు తెచ్చిన పుస్తకం చిన్నదే. అట్ట చివికి, వెన్ను గుడ్డ చీలి, దారాలు బయటికొచ్చాయి. నర్సు ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. కళ్ల కింద నలుపు, చేతికి సబ్బు వాసన. యాభై దాటి ఉంటాయి.

"శనివారానికి కావాలి," అంది. "పాత పుస్తకాలు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన వస్తానన్నాడు. ఇలాంటివి ఇక నాలుగో ఐదో మిగిలాయట."

మేస్త్రీ అట్ట తిప్పి చూసి ఉత్సాహపడిపోయాడు. "అబ్బో, నిధి పుస్తకం! ఇది మా నాన్న పెద్ద మేస్త్రీగా ఉన్నప్పుడు ఇక్కడే బైండయింది మేడం. ఈ కథలో చెప్పిన దారిని పట్టుకుని నడిస్తే నిజంగానే బంగారు గొలుసు దొరుకుతుందని రాశాడు కదా ఆ లెక్కల మాస్టారు! అప్పుడు నాకు పదేళ్లు. ఊరు ఊరంతా పారలు పట్టుకుని బళ్లోనే కాపురం. తవ్వీ తవ్వీ ఆటస్థలంలో గొయ్యి తప్ప ఏం మిగల్లేదు. పైగా ఆ గొడుగు..."

"గొడుగు నాలుగో ఫారంలో బావిలో పడిపోతుంది. ఐదో ఫారంలో మళ్లీ డిటెక్టివు చేతిలో ఉంటుంది," అంది నర్సు. "చెప్పండి, ఆగిపోయారేం? లెక్కల మాస్టారికి గొడుగుల లెక్క రాదని అనేవాళ్లు. నన్ను బళ్లో ‘గొడుగు పిల్లా’ అని పిలిచేవాళ్లు."

మేస్త్రీ మొహం మాడిపోయింది. "మీరు మాస్టారి..."

"కూతుర్ని."

మేస్త్రీకి ఉన్నట్టుండి లోపల కటింగ్ మిషను దగ్గర పనిపడింది. కోడలు పుస్తకాన్ని రెండు చేతుల్తో అందుకుంది. పసిపిల్లను అందుకున్నట్టు కింద చెయ్యి పెట్టి అందుకోవడం ఆమెకు అలవాటు. నర్సు ఆ చేతుల వంక చూసింది.

"ఎందుకమ్మా అమ్మేయడం? నాన్నగారిది కదా," అంది కోడలు.

"అచ్చయిన అబద్ధాన్ని ఇంట్లో ఎన్నాళ్లు పెట్టుకోమంటారు? ఆ గొలుసు మా అమ్మది. నిధిలో పెట్టానని అమ్మతో చెప్పాడు. పుస్తకం ఇక్కడ కుడుతుండగానే పోయాడు, గుండె ఆగి. మొదట కుట్టిన ప్రతిని మీ పెద్ద మేస్త్రీగారు ఇంటికి తెచ్చిచ్చారు. ఇదే అది. తర్వాత ఏడాదిపాటు జనం వెతికారు. దొరకలేదు. గొలుసు అమ్ముకు తిన్నాడన్నారు కొందరు. ఎవరికో ఇచ్చాడన్నారు కొందరు. అమ్మ రెండోదాన్నే నమ్మింది." చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "శనివారం. మర్చిపోకండి."

*

మంగళవారం మధ్యాహ్నానికి జిగురు నానింది. కోడలు వెన్ను గుడ్డను అంగుళం అంగుళం లేపుతూ వచ్చింది. గుడ్డ కింద, కుట్టు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, వెన్ను బిగువుగా ఉండడానికి. ఆ పనికి ఎప్పుడూ చిత్తు కాగితమే వాడతారు. పాత పేపరు, చెడిపోయిన ఫారం, ఏది చేతికందితే అది. ఈ పుస్తకానికి అంటించింది మాత్రం చేత్తో రాసిన కాగితం. రాత లోపలి వైపుకు ఉంది.

తడిగుడ్డ అద్ది, వెదురు బద్దతో మెల్లగా లేపి, అద్దం పలక మీద పరిచింది. నీలం సిరా కొంత పాకింది కానీ చదవడానికి వస్తోంది. కోడలు కూడబలుక్కుంటూ చదివింది.

‘పెద్ద మేస్త్రీగారికి. ప్రెస్సువాళ్లకు దారి తెలిసిపోకూడదని ఫారాల వరస మార్చి అచ్చు వేయించాను. నల్ల గీతలు చూడవద్దు. ఈ కింది వరసలోనే కుట్టించగలరు.’ దాని కింద ఒకదాని కింద ఒకటి తొమ్మిది మాటలు. ‘తలుపు, మెట్టు, గడియారం, అద్దం, కిటికీ, దీపం, బావి, నిచ్చెన, తాళం.’

ఆ పుస్తకానికి పేజీ నంబర్లు లేవు. అధ్యాయాలకూ నంబర్లు లేవు. ఒక్కో ఫారం ఒక్కో అధ్యాయం. ప్రతి దాని నెత్తినా ఒక చిన్న బొమ్మ, ఆఖరి లైనులో ఎటు తిరిగి ఎన్ని అడుగులు వేయాలో. కోడలు ఫారాలను బొమ్మల ప్రకారం చూసుకుంది. గడియారం తర్వాత బావి ఉంది. అద్దం ఏడోది. వెన్ను మీద నల్ల గీతలు ఎక్కడా తప్పకుండా, గీసినట్టు మెట్లలా దిగుతున్నాయి.

నాలుగోదీ ఏడోదీ తారుమారయ్యాయి. అవి సరిగ్గా ఉంటే గొడుగు ఏడో ఫారంలో గానీ బావిలో పడదు.

కోడలు మేస్త్రీని పిలవబోయి నోరు తెరిచింది. అంతలో ఆమె చూపు దారం మీద పడింది. వెన్ను కింది కొసన రెండు ముడులు, వాటి పక్కన అడ్డంగా ఒక చుట్టు. అలా ముడేసే మనిషి ఈ షాపులో ఒక్కతే ఉండేది. "రెండు ముళ్లేస్తే ఆగుతుందే, చుట్టేస్తే నిద్రపోతుంది" అంటూ తన వేళ్లు పట్టుకుని నేర్పింది.

"ఏమ్మా, ఊడిందా?" అన్నాడు మేస్త్రీ మిషను దగ్గర్నుంచి. "వెన్ను కాగితం చెత్తలో పారెయ్. కొత్తది వేద్దాం."

"సరేనండీ," అంది కోడలు. అద్దం పలక మీది కాగితాన్ని ఒక పొడి ఫారంలో పెట్టి, ఫారాన్ని భోజనం గిన్నెల సంచిలో పెట్టుకుంది.

*

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లు ఇద్దరే. కొడుకు లారీ తోలతాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అత్త కిటికీ కింద చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మందుల షాపుకి కవర్లు మడుస్తుంది. ఎవరూ చేయమనలేదు. చేతులు ఊరికే ఉంటే తిమ్మిరెక్కుతాయంటుంది.

"ఇవాళేం కుట్టావే?" అంది అత్త, కోడలు గుమ్మంలో చెప్పులు విడవకముందే. రోజూ అడిగే మాటే.

"కుట్టలేదత్తమ్మా. విప్పాను. నిధి పుస్తకం ఒకటొచ్చింది."

అత్త చేతిలో కవరు ఆగింది. ఆమె మొహం విప్పారింది. "నిధి పుస్తకమా! దాని కథ నీకు చెప్పానా?"

చెప్పింది. ఈ ఇరవై ఏళ్లలో ఇరవై సార్లన్నా చెప్పింది. ఏ పుస్తకమో మాత్రం కోడలికి ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడు చెవులు రిక్కించి వింది.

"ఆ రోజు పెద్ద మేస్త్రీ ఫారాలన్నీ బల్ల చుట్టూ పేర్చి, ఎవరో కబురు చేస్తే హడావిడిగా వెళ్లిపోయాడు. ఎవరో పోయారనుకుంటా. నేనొచ్చి మొదటి పుస్తకానికి తొమ్మిదీ ఏరి చూద్దును కదా, మెట్టు విరిగింది! ఒకచోట కాదు, రెండు చోట్ల. నాలుగో గుట్టలో ఏడోది, ఏడో గుట్టలో నాలుగోది. అంతటి మనిషికి చూపెక్కడ పోయిందో! అలాగే కుట్టేసుంటే మూడొందల పుస్తకాలు నాశనం. నేను గుట్టలు రెండూ మార్చేసి చక్కగా కుట్టేశా. ఆయనతో మాట మాత్రం అన్లేదు. అంటే చిన్నబుచ్చుకుంటాడని." అత్త కవరు మడత మీద గోరుతో గీసింది. "నా చేతిలో ఒక్క ఫారం తప్పలేదే. ఒక్కటంటే ఒక్కటి. పేరు నిలబెట్టాను."

"అక్కడ కాగితమేమన్నా ఉందా అత్తమ్మా, గుట్టల మీద?"

"ఏమో, ఉంటే ఉండుంటుంది. చిత్తు కాగితాలకేం కొదవ? ఎందుకూ?"

"ఊరికే."

కోడలు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గిన్నెలో నీళ్లు నిండి పొర్లిపోతున్నా కట్టెయ్యడం మర్చిపోయింది.

*

బుధవారం పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే అత్త సంచి సర్దుతోంది. గిన్నెలు కడిగి సంచిలో పెట్టడం అత్త వంతు. ఎంతసేపటికీ చప్పుడు లేకపోయేసరికి కోడలు తొంగిచూసింది. అత్త ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది.

"ఇది నా జిగురే," అంది. "మైదాలో మైలుతుత్తం కాస్త ఎక్కువ వేసేదాన్ని, పురుగు పట్టకుండా. ఇంకెవరూ అంత వేసేవాళ్లు కాదు. ఎక్కడిదిది? నిధి పుస్తకంలోదా?"

"అవునత్తమ్మా. ఏదో ఉత్తరం ముక్క. మీరు ఇటివ్వండి."

"ఏం రాసుంది?"

"ఏముంటుంది, బాగున్నారా, బాగున్నాం..."

అత్త కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆమె అక్షరాలను చూడడం లేదు. గుడ్డ మీద అద్దకం చూసినట్టు మొత్తంగా చూస్తోంది. "ఉత్తరమైతే ఆ కొస నుంచి ఈ కొస దాకా రాస్తారు కదా. పైన నాలుగు లైన్లు అలాగే ఉన్నాయి. కిందవన్నీ పొట్టివి. ఒకదాని కింద ఒకటి." చూపుడువేలుతో తాకుతూ పోయింది. "తొమ్మిది. ఆ పుస్తకంలో ఫారాలెన్ని?"

కోడలు దువ్వెన కింద పెట్టింది.

"చదువు," అంది అత్త. "ఉన్నదున్నట్టు చదువు. నాకు రాదని తప్పించుకోకు."

కోడలు చదివింది. ‘నల్ల గీతలు చూడవద్దు’ అన్నది కూడా దాటెయ్యకుండా చదివింది. మాస్టారి సంగతీ, గొలుసు సంగతీ, నర్సుని బళ్లో ఏమని పిలిచేవాళ్లో కూడా చెప్పాల్సొచ్చింది. అత్త అడిగింది. అడిగినదానికల్లా కోడలు చెప్పింది.

"మూడొందల పుస్తకాలు," అంది అత్త చివరికి.

"మీ తప్పేముంది అత్తమ్మా? గీతలు అలా ఉంటే ఎవరైనా అలాగే చేస్తారు. ఆ కాగితం చదవడం రానివాళ్ల ముందు పెట్టి వెళ్లిపోవడం పెద్ద మేస్త్రీ తప్పు. వినండి, నేను దీన్ని కొత్త గుడ్డ కింద మళ్లీ అంటించేస్తా. శనివారం అది ఎవరింటికో పోతుంది. మూడో కంటికి తెలీదు."

"కుట్టేశాక తప్పు ఫారం కనిపిస్తే ఏం చెయ్యమని చెప్పాను నీకు?"

కోడలు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ కూర్చుంది.

"నోట్లో ముల్లు గుచ్చుకుందా? ఏం చెయ్యమన్నాను?"

"విప్పమన్నారు."

"మరి?" అంది అత్త.

ఆ రోజంతా ఆమె కవర్లు మడవలేదు. సాయంత్రం కోడలు వచ్చేసరికి కాగితం చాప మీద ఆమె ఒళ్లోనే ఉంది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. "పొద్దుట్నుంచీ చూస్తున్నా," అంది అత్త. "ఇందులో బావి ఏది, అద్దం ఏది?" కోడలు పక్కన కూర్చుని చూపించింది. అత్త ఆ రెండు మాటల మీదా వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

*

గురువారం అత్త ఆరేళ్ల తర్వాత షాపు మెట్లెక్కింది. కోడలి భుజం పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ. మేస్త్రీ కుర్చీ తెచ్చి వేశాడు. "ఏంటి మెట్లమ్మత్తా, మా పని తనిఖీకొచ్చావా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. నర్సుకు అప్పటికే కోడలు ఫోను చేసి రమ్మంది.

నర్సు వచ్చాక అత్త కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"చదువుకోమ్మా. మీ నాన్న రాతే కదా?"

నర్సు మొదటి లైను చూడగానే బల్ల అంచు పట్టుకుంది. చదివింది. మళ్లీ చదివింది. కోడలు విప్పిన ఫారాలను బల్ల మీద వరసగా పరిచి, నాలుగోదీ ఏడోదీ మార్చి పెట్టింది. నర్సు వంగి పేజీలు తిరగేసింది. కిటికీ దగ్గర గొడుగు ఉంది. దీపం దగ్గర ఉంది. బావిలో పడింది. నిచ్చెనలో డిటెక్టివు తడుస్తూ నడుస్తున్నాడు.

"ఎవరు మార్చారు?" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"నేనే," అంది అత్త. "మీ నాన్న చెప్పినట్టే పెద్ద మేస్త్రీ పేర్చి పెట్టాడు. గీతలు తప్పాయని నేను మార్చాను. ఈ కాగితం నాకు చదవడం రాలేదు. చిత్తు కాగితమనుకుని అంటించేశాను. ఇన్నేళ్లూ గొప్ప పని చేశానని చెప్పుకుంటూ తిరిగాను."

నర్సు ఆమె వైపు చూసింది. "మా అమ్మ పోయిన ఏడాది పోయింది," అంది. "ఆఖరి రోజుల్లో మనుషుల్ని కూడా గుర్తుపట్టలేదు. నన్ను పట్టుకుని ‘ఆ గొలుసు ఎవరికిచ్చాడో కనుక్కున్నావా’ అని అడిగేది. ఒక్క ఏడాది ముందు ఈ కాగితం... ఒక్క ఏడాది..."

మేస్త్రీ మిషను ఆపేశాడు. అత్త తల వంచుకోలేదు. ఆ మాటలు తనకు రావలసినవే అన్నట్టు, మొహం ఎత్తుకునే కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

నర్సు కాగితం తీసుకుని వెళ్లిపోయింది. పుస్తకం బల్ల మీదే వదిలేసింది.

శుక్రవారం రాలేదు. ఫోను తీయలేదు. శనివారం పొద్దున కోడలు ఫారాలను మాస్టారి వరసలో పేర్చి, కుట్టాలో వద్దో తెలియక సన్నటి దారంతో కట్టి ఉంచింది. షాపు కట్టేసే వేళకు వచ్చింది నర్సు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పెద్దమనిషిని రావద్దన్నాను," అంది. "నిన్న బడి గేటు దాకా వెళ్లాను. గేటు పట్టుకుని నిలబడి తిరిగొచ్చేశాను. రేపు ఆదివారం, పిల్లలుండరు. మీ అత్తగారిని తీసుకుని వస్తారా?"

"వస్తుంది. కానీ ఆవిడెందుకమ్మా? మీకు కష్టంగా ఉండదూ?"

నర్సు ఫారాల కట్ట మీది దారం సర్దింది. "ఇన్నాళ్లూ దారి తప్పేమో అనుకోడానికన్నా ఉండేది. ఇప్పుడు దారి సరైపోయింది. నడిచి చూశాక కూడా అక్కడ లేకపోతే, అమ్మ అన్నదే నిజం. ఆ మాట ఒక్కదాన్నే నిలబడి వినలేను. ఊళ్లో ఇది నన్ను బాధించినంతగా మీ అత్తగారిని కాక ఇంకెవర్ని బాధిస్తుంది చెప్పండి?"

*

బడి ప్యూను గేటు తీయడానికి కాసేపు బెట్టు చేశాడు. "మళ్లీ తవ్వకాలా? మా నాన్న ఉద్యోగం పోబోయింది ఆ గొయ్యి వల్ల," అన్నాడు. నర్సు అతని భుజం వంక చూసి, "సూదికి కళ్లు తిరిగి పడిపోయింది నువ్వే కదూ?" అంది. అతను నవ్వేసి గొళ్లెం తీశాడు. "తవ్వొద్దు మరి," అని వెనకే వచ్చాడు.

కోడలు ప్రతి ఫారం ఆఖరి లైను చదువుతుంటే అత్త నడిచింది. నర్సు ఫారాల కట్ట పట్టుకుంది. మొదట మేం నడుస్తామన్నారు కోడలూ నర్సూ. కానీ పొడుగు కాళ్లవాళ్లు కావడంతో తొలి మలుపుకే వరండా స్తంభాన్ని గుద్దుకునేట్టొచ్చారు. "నాన్న పొట్టివాడు," అంది నర్సు అత్తను తేరిపార చూస్తూ. "మీ అంతే ఉండేవాడు." దాంతో అత్త మళ్లీ గేటు నుంచి మొదలెట్టింది. మోకాలు మీద చెయ్యి వేసుకుని, పైకి లెక్కపెడుతూ.

తలుపు అయింది. మెట్టు అయింది. గడియారం దగ్గర వాళ్లు ఆఫీసు గది మూలన ఆగారు.

"ఇక్కడ్నుంచే అందరూ ఎడమకు తిరిగేవాళ్లు," అంది నర్సు. ఎడమవైపు ఆటస్థలం ఉంది. మధ్యలో ఒకచోట నేల ఇంకా పల్లంగానే ఉంది, నలభై మూడేళ్ల వానలు కూడా దాన్ని పూడ్చలేదు. "ఆఖర్న ‘మూల నుంచి మూడో ఇటుక’ అని ఉంటుంది. అక్కడ గోడే లేదు కదా. ఇటుక భూమిలో ఉంటుందని తవ్వారు."

కోడలు నాలుగో ఫారం తిప్పింది. అద్దం బొమ్మ. ఆఖరి పేజీ. "కుడికి తిరిగి ఇరవై రెండు అడుగులు."

అత్త కుడికి తిరిగింది. వరండా పొడవునా నడిచింది. కిటికీ. దీపం. బావి దగ్గర ఆమె అడుగు తడబడింది. కోడలు పట్టుకోబోతే వద్దంది. "లెక్క చెడుతుంది," అంది. నిచ్చెన దాటేసరికి వాళ్లు సైన్సు గది వెనక, వాననీళ్ల గొట్టం పక్కన, సున్నం వేసిన ఇటుక గోడ ఎదురుగా నిలబడి ఉన్నారు. ఇక అడుగు వేయడానికి చోటు లేదు.

"తాళం," అంది కోడలు. "ఎదురుగా గోడ. మోకాలి ఎత్తు. మూల నుంచి మూడో ఇటుక."

అత్త నేల మీద చతికిలబడింది. సంచిలోంచి వెదురు బద్ద తీసి మూడో ఇటుక చుట్టూ సున్నం గీకింది. పొర కింద పొర, ఏడాదికోసారి వేసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇటుక చుట్టూ సిమెంటు లేదు, మట్టి మాత్రమే ఉంది. ప్యూను స్క్రూడ్రైవరు తెస్తానన్నాడు. "ఉండు బాబూ, ఇనుముతో పొడిస్తే పగులుతుంది," అంది అత్త. వేళ్ల కొసలు సందులో దూర్చి ఇటు ఒకసారి, అటు ఒకసారి ఊపింది. బిగుసుకుపోయిన పుస్తకాన్ని అట్టలోంచి లాగినట్టే లాగింది. ఇటుక చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. దాన్ని ఒంటిచేత్తో పక్కన పెట్టి, ఆ సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

నర్సు కళ్లు మూసుకుంది.

చెయ్యి బయటికొచ్చింది. మైనపు గుడ్డ చుట్టిన మూట. గుడ్డ విప్పితే లోపల లెక్కల పిల్లలు వాడే రేకు జామెట్రీ బాక్సు. అంచులు తుప్పుపట్టి మూత బిగుసుకుపోయింది.

కాసేపటికి నర్సు అత్త పక్కనే నేల మీద కూర్చుంది. "ఇంకొక్క లైనుంది," అంది కోడలితో. "ఆఖరి కాగితం వెనక. అది కూడా చదవండి."

కోడలు కాగితం తిప్పింది. "‘ఈ పెట్టె మూత తీసిన చేతులదే ఇందులోది. ఇది నా మాట. నా ఇంటివాళ్లు కూడా దీన్ని కాదనరాదు.’"

"విన్నారుగా," అంది నర్సు. నవ్వుతోంది. "దారి నడిచింది మీరు. ఇటుక తీసింది మీరు. నాన్న మాట నాన్న కూతురే తప్పితే ఎలా? తియ్యండి పెద్దమ్మా. ఏముంటే అది మీదే. నాకు తెలియాల్సింది వేరే."

అత్త పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. రెండు బొటనవేళ్లూ మూత అంచు మీద ఆనించింది. కోడలు చూస్తూనే ఉంది, ఆ వేళ్లు నొక్కనైనా నొక్కలేదు.

"అబ్బే," అంది అత్త. "నా వల్ల కాదు."

"ఇంకోసారి చూడండి."

"ఎన్నిసార్లు చూసినా అంతే. డెబ్బై ఏళ్లొచ్చాయి. నా వేళ్లకు బలమెక్కడిదమ్మా!"

ప్యూను ఇటుక వంక చూశాడు. అత్త వంక చూశాడు. ఏదో అనబోయాడు. కోడలు అతని వైపు చురుగ్గా చూసింది.

"నువ్వు రోజుకు ఎన్ని మందు సీసాలు తెరుస్తావో," అంది అత్త. పెట్టె తీసి నర్సు చేతుల్లో పెట్టి, ఆ చేతులను తన చేతుల్తో ఒక్క క్షణం మూసింది. తర్వాత వదిలేసి, నడుం తిప్పుకుని, గోడకు వీపు పెట్టి ఆటస్థలం వైపు చూస్తూ కూర్చుంది.

వెనక గోరు రేకు మీద గీసుకున్న చప్పుడైంది. మూత కిర్రుమంది. అత్త ఆటస్థలంలోని పల్లం వంకే చూస్తోంది.

"ఉందా?" అంది అత్త, అటు తిరక్కుండానే.

"ఉంది," అంది నర్సు.